బోడిగుండుకూ మోకాలికీ

గాయా కొట్లలో వైన్ పీపా దొర్లి మీద పడ్డప్పటినుంచి
పంతొమ్మిదేళ్లు
దియొలిందా కుడి మోకాలు వంగలేదు.
ట్రాములో ఆ కాలు దారికి అడ్డంగా చాచి కూర్చునేది.
ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ
ఒక్కొక్కరికీ "క్షమించండి" చెప్పేది,
తనే కావాలని తన్నినట్టు.

ఆ ట్రాము నడిపింది నేనే.
పొద్దున నాలుగున్నరకి
మంచం పక్కన చతికిలబడి
ఆమె బూటుకి లేసు కట్టేవాణ్ణి.
నా బట్టతల ఆమె మోకాలికి తగిలేది.
"బోడిగుండుకూ మోకాలికీ ముడి
ఇదిగో, ఇలా వేస్తారు" అనేవాణ్ణి.
మొదటి ఏడాది నవ్వింది.
తర్వాత నవ్వలేదు. నేనూ మానలేదు.

డాక్టర్ కింతెలా కొలబద్ద పెట్టి చూసి
"ఐదు డిగ్రీలు" అన్నాడు.
అందరి మోకాళ్లలాంటిది కాదట,
లోపల కీలంతా అతుక్కుపోయిందట,
మడత అనే మాటే తొడ కండరం మరిచిందట.
కోత పొడుగు, కోలుకోవడం ఇంకా పొడుగు.
"ఎంత వంగుతుందో మాటివ్వలేను."
ఆమె అడిగింది ఒకటే:
"కుర్చీలో కుర్చీలాగా కూర్చోగలనా?"

ఇనుమూ ప్లాస్టిక్కూ లోపలికి వెళ్లాక
ఇవోన్ అనే ఫిజియో పిల్ల
మడమ పట్టి తోస్తూ అంకెలు చదివేది.
ముప్ఫై. దియొలిందా దిండు కొరికింది.
నలభై రెండు. ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో
నేనెప్పుడూ వినని బూతులు వచ్చాయి.
ఆ పైన రెండు వారాలు అంకె కదల్లేదు.
ఆ రాత్రుల్లో ఆమె మాట్లాడింది నాతో కాదు, కాలితో,
అలిగి గుమ్మంలో నిలబడ్డ చుట్టాన్ని
లోపలికి పిలిచినట్టు.

ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది.
ఆ మిగతా రెండూ నేను లెక్కపెట్టుకున్నాను,
ఆమె కాదు.

నిన్న నది ఒడ్డుకి వెళ్దామంది.
అలవాటుగా కిందికి వంగాను.
"జరుగు."
చిన్న పీట మీద పాదం పెట్టి,
నడుం నుంచి మొత్తంగా ముందుకు వాలి,
పళ్లు బిగించి,
లేసు రెండు కొసల్నీ పట్టుకుంది.
చాలాసేపు పట్టింది.
వంకరగా, వదులుగా, ఒక ముడి.

మూడు వీధులు దాటకముందే ఊడిపోయింది.
ఆమె చూసింది.
నేను చూడనట్టు
చేతులు జేబుల్లో పెట్టుకుని
దోరూ వైపు తిరిగాను.
వెనక, మెట్టు మీద, ఆమె కూర్చున్న చప్పుడు.
నీళ్ల మీంచి గాలి.
టోపీ తెచ్చుకోలేదు.
తలంతా చల్లగా ఉంది.