చేదు కాగితం

జాబ్రియాలో, మెడికల్ కాలేజీ మూడో అంతస్తులో
గాజు గొట్టాలు కడిగే పని నాది.
బయట యాభై డిగ్రీలు. లోపల ఎలుకలకి ఇరవై రెండు.

ఒక్కో బోనుకీ రెండు సీసాలు:
ఒకదాంట్లో మంచినీళ్ళు, ఇంకోదాంట్లో చేదు.
ఏడో నంబరు ఎలుక రెండూ ఒకే తీరుగ తాగతాది.
దానికి ఒక జీన్ తీసేసినారంట.
చేదు వచ్చి తలుపు తడితే
గొళ్ళెం తీసేవాళ్ళు లోపల లేరంట.

హువైదా డాక్టరమ్మ సూడాన్ మనిషి.
నా తప్పుల అరబ్బీకి నవ్వి, చెప్తాది:
గేటు కాడ పిల్లికి నువ్వు పెట్టే బాస్బూస దండగ, దస్తగిరమ్మా,
పిల్లిజాతికే తీపి తెలీదు,
ఏ కాలంలోనో చెడిపోయింది ఆ తాళం.
అయినా అది తింటాది. వెన్న కోసమేమో.

నాలిక మీది కణాలకు ఆయుస్సు పది పదిహేను దినాలంట.
లెక్కేసినా. పదకొండేండ్లు.
రాయచోటిలో చింతచిగురు పప్పు తిన్న నాలిక
సముద్రం దాటిన నెలలోపే పోయింది.
ఇప్పుడుండేది, ఎన్నోదో, కువైట్లోనే పుట్టింది
అకామా అక్కర్లేకుండా.
మరి దీనికి పులుపంటే పులుపని ఎవరు చెప్పినారు?

కొత్త కణం పుట్టంగానే ఒక సైగ వదుల్తాదంట,
దాని నరం వెతుక్కుంటా వచ్చి పట్టుకుంటాదంట.
నాకు ఎయిర్‌పోర్టు గుర్తొచ్చె.
అట్టముక్క మీద నా పేరు రాసుకుని
రొమ్ము కాడ పట్టుకుని నిలబడితే
మొగం తెలీని డ్రైవరు వచ్చి చదివి, పా, అన్నాడు.
చదవడంలో తప్పు పోయుంటే
ఏ ఇంట్లో తేలేదాన్నో.

మొన్న ఒక కాగితం పీలిక ఇచ్చింది, నాలిక మీద పెట్టుకోమని.
వేపాకు, కాకరకాయ, కుంకుడు నురగ, అన్నీ ఒక్కసారే!
తానూ పెట్టుకుని, ఉత్త కాగితం, అనింది.
అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి.
రెండూ మూగవే వస్తే
ఆ చేదు ఆ మనిషికి లేదంట.

ఇంకో పీలిక అడిగి ఫోను కవర్లో దాచినా.

శుక్రవారం మా చెల్లెలు మాబున్నికి రెండు గంటలు సెలవు.
ఫర్వానియాలో బస్సు ఆగే కాడ నీడన కూచున్నాం.
మణికట్టు మీద ఇస్త్రీపెట్టె వాత, కొత్తది,
చెయ్యి లోపలికి లాక్కునింది.
నోరు తెరువు, అన్నా.
కండ్లు మూసుకుని చప్పరించింది. శానాసేపు.
బస్సొచ్చింది, పోయింది.

"చేదు లేదక్కా," అనింది.
"ఏమీ లేదు."

ఒక్క కడుపున పుట్టినా అట్లా జరగొచ్చునని
డాక్టరమ్మ ముందే చెప్పింది.
నేను దాని చెయ్యి తట్టే చూస్తాండా.
ఏడో బోను కాడ, రెండో సీసాలో
నీళ్ళు తగ్గుతాండేది గుర్తొస్తాంది.