సోంపేట కోర్టులో పద్నాలుగో వాయిదా

కంచిలిలో రైలు దిగి
సోంపేట కోర్టుకి షేర్ ఆటో.
వాయిదా పడ్డ ప్రతిసారీ
కాశీబుగ్గ జీడి బట్టీలో ఒక రోజు కూలి పోతుంది.
మేస్త్రి పుస్తకంలో నా పేరుకెదురుగా సున్నా చుట్టి
దాని కింద గీత కూడా గీస్తాడు,
ఆ సున్నా నేనే అడిగి పెట్టించుకున్నట్టు.

మొదటి కాగితం భీమారావు వేసిందే.
దాంపత్య హక్కుల పునరుద్ధరణ.
పట్నాయక్ ప్లీడరు చదువుతుంటే
గుళ్ళో మంత్రం విన్నట్టు చేతులు కట్టుకు నిలబడ్డాను.
"అంటే ఏటి బాబూ?"
"కాపరానికి రమ్మంటున్నాడమ్మా."
రమ్మనడానికి అంత మాట కావలసొచ్చింది.
హరిపురంలో నా ట్రంకుపెట్టె
వీధి అరుగు మీదకి నెట్టిన రాత్రి
ఒక్క మాటా ఖర్చు పెట్టలేదు.

తిరిగి నేనూ వేశాను. విడాకులకి.
ఎనిమిది దాకా చదివాను, సంతకం చేశాను.
ఎందుకైనా మంచిదని గుమస్తా వేలిముద్ర అడిగాడు.
సిరా అద్ది నొక్కితే మరక పడింది,
మరకలో గీతలు లేవు.
పదకొండేళ్ళ జీడినూనె తినేసింది.
"మళ్ళీ వెయ్యి."
మళ్ళీ మరకే.

నాయనమ్మ కూర్మమ్మకి ఇదంతా నవ్వులాట.
"ఓలి డబ్బులు అరవై రూపాయిలు
పెద్దల ముందర పోసీసినాను.
మోదుగాకు ఇచ్చినారు.
ఆ కొస ఆడు, ఈ కొస నాను.
సిరిగిపోనాది.
మరేడు మీ తాత ఒచ్చి మారుమనువు ఆడినాడు.
నీకేటే, ఐదేళ్ళనుంచి సింపుతున్నావు,
ఆకా అది, ఇనపరేకా?"

ఆ మాట ప్లీడరుకి చెప్పాను.
ఆయన నవ్వలేదు.
"చట్టం ఆచారాన్ని కాదనదమ్మా,
ఉందని రుజువు చెయ్యాలి. సాక్ష్యం కావాలి."
ఆకు దాచావా అని నాయనమ్మని అడిగితే
మేక తినేసిందంది.

ఒకనాడు కరెంటు లేదు.
గుడ్డి దీపం దగ్గర చేతులకి బూడిద రుద్దుకుంటున్నాను.
అడక్కుండానే చెప్పింది.
"జోగిగాడని ఒక గుంటడు నాకు.
మగోడి సొత్తన్నారు.
ఆకు సింపిన చెయ్యి ఇంకా దించనేదు,
సంకలోంచి లాక్కున్నారు.
ఇరవయ్యేళ్ళకి మందస సంతలో
పనసకాయ బేరమాడినాడు నాతో.
ఆడి నాయన ముక్కే.
రూపాయి తగ్గించినాను.
కాయ బుజాన ఏసుకొని ఎల్లిపోనాడు."

అప్పట్నుంచి ఆకు సంగతి ఎత్తలేదు ఇద్దరం.

ఇవాళ జడ్జిగారు లిఖితని లోపలికి పిలిచారు.
తలుపు వేశారు.
బయట బెంచీకి ఆ చివర భీమారావు,
ఈ చివర నేను,
మధ్యలో ఎవరిదో టిఫిన్ క్యారేజీ.
నెలకి రెండు వేలని ఆర్డరుంది,
డబ్బు లేదు. చెప్పులు మాత్రం కొత్తవి.
అడుగుదామనుకుని, మోకాళ్ళు చూస్తూ కూర్చున్నాను.

పిల్ల బయటికొచ్చింది.
"ఏం చెప్పావే?"
"నీ దగ్గరే ఉంటానన్నాను.
ఆదివారాలు నాన్న సైకిలు నేర్పాలన్నాను.
రాసుకున్నారు."
రాసుకున్నారట.
తొమ్మిదేళ్ళ దాని మాట
కాగితం మీద.

"మళ్ళీ ఎప్పుడట?" అన్నాడు భీమారావు, గోడతో.
పంతొమ్మిది అన్నాను, నేనూ గోడతోనే.

తిరుగు రైల్లో సీటు దొరకలేదు.
తలుపు దగ్గర కూర్చున్నాం.
పిల్ల బొటనవేలు నల్లగా ఉంది,
గుమస్తా సిరాపెట్టెలో ముంచిందట ఆడుకోవడానికి.
నా అరచేతిలో నొక్కింది.
గీతలన్నీ పడ్డాయి,
నీళ్ళలో రాయి వేస్తే లేచినట్టు
ఒకదాని చుట్టూ ఒకటి.
ఇంటికెళ్ళి కడుక్కోమన్నాను.
నువ్వూ కడగొద్దంది.
రేపు బట్టీలో
మధ్యాహ్నం దాకానైనా ఉంటుందేమో చూడాలి.