గుటక వెయ్యకుండా

మొంబాసాలో టీ వేలంపాటల వీధి.
మూడో అంతస్తులో, పొడవాటి బల్ల మీద
రోజూ మూడు వందల తెల్ల కప్పులు పరుస్తాను నేను.
ఆరు నిమిషాలు నాననిచ్చి మూతలు తీస్తాను.
సిదీ కరీసా వస్తుంది. చెంచాతో ఒక్క జుర్రు,
గుడ్డ చింపినంత చప్పుడు.
పుక్కిలిస్తుంది, ఉమ్ముతుంది, ఒకే మాట చెబుతుంది:
"పలచన." "మొండి." "పొగ."
నేను రాసుకుంటాను.

పద్నాలుగేళ్లుగా ఆమె నాలుక మీదుగానే
కెరిచో కొండలు, నంది కొండలు దిగి ఓడలెక్కాయి.
హోదా మాత్రం సహాయకురాలు.

పెద్ద టేస్టరు కిప్లగట్ నాలుక మొద్దుబారి రిటైరయ్యాడు.
సోమవారం కవరొచ్చింది. ఆ కుర్చీ ఆమెకేనట.
లక్షా ఎనభై వేల షిల్లింగులు.
"అభినందనలు" అన్న మాట
అంకె కంటే పెద్ద అక్షరాల్లో ఉంది.

ఆమె సంతోషించింది, దాచడమెందుకు,
మెట్ల మీద ఒక్కసారి గెంతింది కూడా.
తర్వాత కూర్చుని కవరు వెనక పెన్సిలుతో లెక్కలేసింది.
కిప్లగట్‌కే ఫోన్ చేసి సూటిగా అడిగింది:
నీకెంత ఇచ్చేవాళ్లు?
ఆయన దగ్గాడు. దగ్గడం అయ్యాక చెప్పాడు.

మూడు రోజులు లికోనీ ఫెర్రీలో
ఆమె పక్కనే నిలబడ్డాను.
మొదటి రోజు "రెండు లక్షల అరవై వేలు" అని గొణిగింది.
ఇంజను మింగేసింది.
రెండో రోజు "రెండు లక్షల అరవై, వీలైతే, మీకు..."
తనే నాలుక కరుచుకుంది.
"వీలైతే"ని తీసి సముద్రంలో పారేసింది.
మూడో రోజుకి అంకె ఒక్కటే మిగిలింది.
బొగ్గుల బస్తా మీద కూర్చున్నావిడ తలతిప్పి
"ఏం అమ్ముతున్నావు తల్లీ?" అనడిగింది.
"నాలుక," అంది సిదీ.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అబద్ధం. వాళ్లమ్మ అడక్కుండానే పెట్టేది,
తన కంచంలోంచి తీసి.
అందుకే అడగడం రాకుండా పెరిగింది ఈ మనిషి.

గురువారం. న్యామ్వేయా గది.
ట్రే పట్టుకుని నేనూ లోపలే ఉన్నాను,
రెండు కప్పులు సర్దడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది నాకు.
ఆమె అంకె చెప్పింది.
ఆయన నవ్వాడు. బడ్జెట్ అన్నాడు. వానల్లేవన్నాడు.
ఇందులో సగానికి వచ్చేవాళ్లు గుమ్మం బయటే ఉన్నారన్నాడు.
"వస్తారు," అంది.
"మొన్న నూట పన్నెండో లాటులో పొగ వాసనుందని
వాళ్లు చెప్పగలరా?
మీరు దాన్ని మొదటి రకమని అమ్మబోయారు."

ఇక మాట్లాడలేదు.
ఆ నిశ్శబ్దం నాకు తెలిసినదే.
గుటక వెయ్యకుండా నోట్లో టీ పట్టి ఉంచినప్పటిది,
వగరు, వేడి, కొండ పేరు
ఒక్కొక్కటే పైకి తేలేదాకా.
మౌనం అర్ధాంగీకారమనుకున్నాడో ఏమో
ఆయన తాళంచెవులు తిప్పుతూ కూర్చున్నాడు.
ఫ్యాను తిరిగింది.
కింద వీధిలో టుక్‌టుక్ ఒకటి ఆగి, బేరమాడి, కదిలిపోయింది.
నా చేతిలో సాసరు టకటకలాడింది.
మాట్లాడేయ్, అనుకున్నాను. తగ్గించేయ్.
తగ్గించలేదు.

"రెండు నలభై," అన్నాడు న్యామ్వేయా, గోడకేసి చూస్తూ.
"జలుబు చేసిన రోజుల జీతం కొయ్యకూడదు," అంది.
"హోదా కాగితం మీద ఉండాలి.
రాసివ్వండి. ఇంటికెళ్లి చదువుకుని రేపు చెబుతాను."
రేపు!
నాకు మోకాళ్లు వణికాయి. ఆమెక్కూడా.
బల్ల కింద నేను చూశాను.
బల్ల పైకి ఏమీ రాలేదు.

సాయంత్రం ఫెర్రీలో
వేయించిన జీడిపప్పు పొట్లం కొని సగం నాకిచ్చింది.
నా కాంట్రాక్టు జులైలో అయిపోతుంది.
తొమ్మిదేళ్లు. రోజుకి మూడు వందల కప్పులు,
ఒక్కటి పగలలేదు.
నాకూ ఒక అంకె ఉంది, ఎవరికీ చెప్పలేదు.
నీళ్లకేసి తిరిగి, మెల్లగా అన్నాను.

సిదీ విన్నది.
పుక్కిలిస్తున్నట్టు బుగ్గలు కదిపింది.
"పలచగా ఉంది," అంది.
"ఇంకా దిగాలి. మళ్లీ అను."