రాత్రి లెక్క

బ్యూట్ ఊరి కౌంటీ జైలు, మూడో అంతస్తు.
అరగంటకోసారి ట్రెవాథన్
ఒక్కో తలుపు అద్దానికి టార్చి ఆనించి చూస్తుంది.
ముఖం కనపడితే చాలదు,
దుప్పటి లేవాలి, పడాలి.
అప్పుడే కాగితం మీద గీత.

నడుముకు నాలుగు కిలోల బెల్టు.
తాళాల గుత్తి మోగకుండా పిడికిట్లో.
పోయిన చలికాలం ఒక కుర్రాణ్ణి
ఉరి బిగియకుండా ఎత్తి పట్టుకుంది
సాయం వచ్చేదాకా,
ఆరు నిమిషాలు, ఒక్కతే.
వాడు బతికాడు.
ఆమె వెన్ను ఇంకా వాణ్ణి దించలేదు.

పదకొండో గదిలో ముసలి హాస్కెట్
కళ్లు తెరవకుండానే చెయ్యెత్తుతాడు:
"ఉన్నానమ్మా, రాసుకో."
ఆమె కదలబోతుంటే:
"మెట్ల మలుపులో నీ ఎడమ మోకాలు టక్కుమంటుంది.
నిన్న రాత్రి పదిహేనుసార్లే వినిపించింది.
ఒంట్లో బాగాలేదా?"

నిన్నటి కాగితం మీద
పదహారు గీతలున్నాయి.