శాంపిల్

నాచారంలో మా ల్యాబ్ మెట్ల మీద
తెల్లవారక ముందే వచ్చి కూర్చుందట, వాచ్‌మన్ చెప్పాడు.
మన్ననూరు నుంచి రాత్రి బస్సు.
ఒళ్లో రెండు సీసాలు:
థమ్సప్ సీసాలో ఊట నీళ్లు,
మందు సీసాలో తేనె.

పేరు కుడుముల ఈదమ్మ.
ఊరు ఈతగుండం పెంట.
ఫారంలో పెంటకు గడి లేదు,
గ్రామం అని రాశాను.

ఈ సీసా చెల్లదమ్మా, అన్నాను.
మేమిచ్చిన సీసాలోనే పట్టాలి,
ఐసు పెట్టెలో తేవాలి.
కంపెనీ శాంపిళ్లు అట్లాగే వస్తాయి,
జీపులో, చలికి చెమర్చి, ఒంటి మీద బార్‌కోడుతో.
ఆ మాట ఆమెతో అనలేదు.

"తెల్ల జీపులొచ్చి మా గుట్టకు బొక్కలు పొడిచినయి సారూ.
పిల్లగాళ్లు డెబ్బై దాంక లెక్కపెట్టి యాష్టకొచ్చిన్రు.
బొక్కలకెళ్లి బూడిద బురద ఊటలకు దిగింది."

రంగు? అని అడిగాను, గడి ఉంది కాబట్టి.
"పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి."
వాసన?
"కాలిన వైరు."
రుచి దగ్గర నేను ఆగాను, ఆమె ఆగలేదు.
"తాళంచెవి నోట్ల పెట్టుకున్నట్టుంటది.
మనుమడు తాగనని ఏడుస్తడు, తాపిస్త.
ఇంకేం తాపియ్యాలె?"

తర్వాత గొంతు తగ్గించి, ఇంటి గుట్టు చెప్పినట్టు:
"ఆ ఊట మీద తేనెటీగలు వాల్తలేవు.
పోయిన ఎండకాలం సంది.
అవి వాలని నీళ్లు మా పెద్దలు ముట్టలే."

జాబితా పైనుంచి కిందికి చూశాను. తేనెటీగ లేదు.
భార లోహాలకు విడిగా ఫీజు, ఆపైన జీఎస్టీ.
కొంగుముడి విప్పి లెక్కపెట్టుకుంది.
తిరుగు బస్సుకు సరిపోయింది.
తేనె సీసా నా వైపు జరిపింది.
"ఇది పాతది. బొక్కలు పొడవక ముందుది."

నేను చేసింది చెప్తాను.
తేనె కొన్నాను, మూడు వందలకు.
రసీదు అడిగింది. దేనికని రాయను?
నీళ్లు కౌంటర్ మీదే వదిలి పోయింది,
ఆస్పత్రిలో మనిషిని చేర్చి పోయినట్టు.

తేనె ఇంట్లో పది రోజులు రాలేదు.
పాప రొట్టెకు పూసుకుని వేళ్లు నాకింది.
సీసా అడుగున ఒక రెక్క.

నీళ్లు పారబోయలేక తెచ్చి ఫ్రిజ్ తలుపులో పెట్టాను.
నిన్న రాత్రి మంజీరా నీళ్లు రాలేదు.
వంటింట్లో మూత తిప్పుతూ మా ఆవిడ అడిగింది:
"ఏమండీ, ఇవి తాగే నీళ్లేనా?"

పరీక్ష కాలేదు. రిపోర్టు లేదు.
వద్దని మంచం మీంచే అరిచాను,
పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చేంత గట్టిగా.