టేపు కింద టేపు

ఈరీలో మంచు.
లూబా బార్లో హీటరు దగ్గుతోంది.
"పంపించేయాలి వాణ్ణి," అంటాడు కాసిమిర్,
"బదులుగా ఎవణ్ణిచ్చినా సరే."

"ఆడలేకే మద్దెల ఓడంటున్నాడంటావా?
మద్దెల నిజంగానే ఓడు!
ముందు నిలబడ్డ ఐదుగురూ జల్లెడ!"
వెర్నెల్ గ్లాసు బల్లకేసి కొట్టింది.

ఆదివారం మూడు ఇంటర్‌సెప్షన్లు.
మూడోదాని తర్వాత
క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్ తీయకుండా
బెంచీ చివర కూచోవడం
టీవీ మళ్ళీ మళ్ళీ చూపిస్తోంది.

కాసిమిర్ జెర్సీ వీపున
పేరుండాల్సిన చోట టేపు.
దాని కింద ఇంకో టేపు.
పదకొండేళ్ళలో నలుగురు.
అసలు నంబరు ఎవరిదో
అతనికే గుర్తులేదు.

"ఈసారి ఎవరి పేరు?"
మార్కరు అందించింది వెర్నెల్.

మూత తీశాడు.
టీవీ వంక చూస్తూ
చాలాసేపు అలాగే పట్టుకుని
మళ్ళీ పెట్టేశాడు.

"ఎండిపోయింది," అన్నాడు.

బల్లంతా సిరా వాసన.