గుండు, బద్ద, నూక

పద్దెనిమిదేళ్ళుగా జీడిపప్పు ఏరతన్నాను,
కాశీబుగ్గలో, కిటికీ పక్క బల్ల నాదే.
సూడకుండా ఏలితోనే సెప్తాను:
ఇది రెండొందల పది, ఇది రెండొందల నలభై, ఇది పురుగు.
నలభైమంది ఆడోలం. దొడ్డి ఒకటే,
తలుపుకి గడియ నేదు.
దాహమేస్తే పెదాలు తడుపుకుంటాం, మింగం.
పొద్దుగూకేదాకా బిగబట్టడం
పనితోపాటు నేర్సుకున్న పనే.

మొదట మంట.
తరవాత దార మజ్జిలో టక్కున ఆగిపోడం,
ఓపక్కకి ఒరిగితే మల్లీ రావడం,
కుళాయిలో ఎవులో గోళీ ఏసినట్టు.
ఆకర్న ఎర్రసుక్క.

ఇంట్లో ఎవులూ ఆ పేరు అన్నేదు.
మా ఊర్లో వొయసు అడగరు,
క్రియాటినిన్ ఎంతని అడుగుతారు.
మా బావకి ఏడున్నర. కార్తీకంలో ఎల్లిపోనాడు.
నా సావుకి అప్పు సెయ్యకూడదని దాసిన డబ్బా
మంచం కిందనుంచి తీసి లెక్కెట్టుకున్నాను:
నాలుగువేల రెండొందలు.

సిక్కోలు పెద్దాసుపత్రి. పొత్తికడుపు మీద సల్లటి జిగురు.
"కిడ్నీలు బావున్నాయి, తవిటమ్మా.
రాయి కింద, ఉచ్చసంచీలో ఉంది.
పక్కకి తిరుగు... చూశావా, దొర్లుతోంది."
తాగింది తక్కువ, ఆపింది ఎక్కువ, పైగా చీము పట్టింది,
నిలవున్న నీట్లో మడ్డి గట్టిపడింది, అన్నాది డాక్టరమ్మ.
బిందె అడుగున సున్నం నాకు తెల్దా?

బయటికొచ్చి నవ్వు ఆపుకోలేకపోనాను.
బల్లమీది ముసిలాయన
తన కాయితం సదవమని నాకేసి సాపి,
నా మొకం సూసి, మల్లీ మడిసీసినాడు.

కోత నేదు. నడుం కింద తిమ్మిరి,
సన్న గొట్టం, దాని కొసన నిప్పుసుక్క.
మెలకువగానే ఉన్నాను. తెరలో సూసినాను.
గుండు. అచ్చం రెండొందల నలభై.
నోరుజారి పైకే అనీసినాను.
తరవాత బద్ద. తరవాత ముక్క.
తరవాత నూక, నూక, నీలల్లో తెల్లటి నూక.
నా సేతిలో పప్పు విరిగితే
మేస్త్రీ కూలి కోసీసేవోడు.
విరగ్గొట్టినందుకే ఈ పిల్లకి జీతం!

పదిరోజులకి పన్లోకెల్లాను.
బల్లమీద రెండు లీటర్ల సీసా,
మజ్జానం లోపల మూడుసార్లు లేసినాను.
నాలుగోసారి లేసినప్పుడు
సంచీలోంచి సుత్తి తీసినాను, నాలుగు మేకులూ,
నా సావు డబ్బుల్లోంచి నూటరవై పెట్టి కొన్న
ఇనప గడియా.

సప్పుడుకి మేస్త్రీ పరిగెట్టుకొచ్చినాడు.
"ఏటే ఇది?"

మందు, అన్నాను.